వారసత్వ భూమి దొంగ రిజిస్ట్రేషన్: ముందు చూడాల్సింది ఆ కాయితం మీద సంతకం ఎవరిదో

చాలా ఇళ్ళల్లో విషయం బయటపడేది ఈసీ (ఆ భూమి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినప్పుడే. నాన్న పోయి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది, ఊళ్ళో 5 ఎకరాలు అన్నయ్య చూసుకుంటున్నాడు కదా అని చెల్లెళ్ళు ఎప్పుడూ లెక్క అడిగి ఉండరు, ఏడాదికి రెండు బస్తాల బియ్యం పంపిస్తే అదే పదివేలు అనుకుంటారు, ఒకరోజు పక్క చేను వాళ్ళు ఫోన్ చేసి మీ పొలంలో ఎవరో హద్దురాళ్ళు పాతుతున్నారమ్మా అంటారు. అప్పుడు సర్వే నంబరు కొట్టి ఈసీ చూస్తే కొత్తగా రెండు లైన్లు కనపడతాయి. ఒకదాంట్లో అన్న తన భార్య పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసినట్టు, ఇంకోదాంట్లో ఆరు నెలలు తిరక్కుండానే ఆవిడ బయటి మనిషికి అమ్మేసినట్టు. డాక్యుమెంట్ నంబరు, తేదీ, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు అన్నీ పద్ధతిగానే ఉంటాయి, చెల్లెళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

ఇక్కడ అందరూ చేసే మొదటి పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి గొడవపడటం. వారసులు ఇంతమంది ఉంటే మీరెలా రిజిస్టర్ చేశారు అని అడుగుతారు. కోపం న్యాయమైనదే కానీ అడిగే చోటు అది కాదు, ఎందుకంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సబ్ రిజిస్ట్రార్‌కి అప్పజెప్పిన పని వచ్చినవాడు ఆ మనిషేనా, సంతకం తనే పెట్టానని ఒప్పుకున్నాడా, స్టాంపు సరిపోయిందా అని చూడటం వరకే, భూమి నిజంగా అతనిదేనా అని తేల్చే అధికారం ఆయనకి లేదు. తమిళనాడు ప్రభుత్వం ఒక రూల్ పెట్టి టైటిల్ కాయితాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ ఆపేయమంటే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ రూల్‌నే కొట్టేసింది, టైటిల్ చూడటం రిజిస్టరింగ్ ఆఫీసర్ పని కాదని. ప్రభుత్వ భూములు, దేవుడి మాన్యాలు లాంటివి 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే ఆపుతారు, ఇంటి ఆడపిల్ల వాటా ఏ జాబితాలోనూ ఉండదు. అందుకే రిజిస్టర్ అయిపోయింది కాబట్టి ఇంక అంతా అయిపోయింది అనుకుని ఏడవటం ఎంత తప్పో, రిజిస్టర్ ఆఫీసులోనే క్యాన్సిల్ చేయించేస్తాం అనుకోవడం కూడా అంతే తప్పు.

కొంతమంది డాక్యుమెంట్ రైటర్ మాట విని రద్దు దస్తావేజు రాయించుకుందామని వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు అమ్మినవాడే ఏకపక్షంగా వచ్చి సేల్ డీడ్ క్యాన్సిల్ చేసేసేవాడు, దాన్ని ఆపడానికి రిజిస్ట్రేషన్ రూల్స్‌లో 26 కింద అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళు ఇద్దరూ కలిసి వస్తేనే రద్దు చేయాలని పెట్టారు, 2010లో ఆంధ్ర నుంచే వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఏకపక్ష రద్దు చెల్లదని చెప్పేసింది. కొన్నవాడు ఒప్పుకుని వచ్చి సంతకం పెడితే సరే, పెట్టడు కదా, అప్పుడు మిగిలేది సివిల్ కోర్టే.

అసలు ఈ మోసం మొదలయ్యేది రిజిస్టర్ ఆఫీసులో కాదు, దానికి రెండు మూడేళ్ళ ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర. మనిషి పోయాక మీసేవలో అప్లికేషన్ పెట్టేటప్పుడు భార్య, కొడుకుల పేర్లు రాసి పెళ్ళయి వెళ్ళిపోయిన కూతుళ్ళని వదిలేస్తారు, ఊళ్ళో ఇద్దరు సాక్షి సంతకాలు పెడతారు, అది చూపించి తహశీల్దార్ ఆఫీసులో విరాసత్ (వారసుల పేరు మీదకి మార్పు) చేయించుకుంటారు, 1-బి అనే పట్టాదారుల రిజిస్టర్‌లో పేరు మారుతుంది, పాస్‌బుక్ వస్తుంది, పాస్‌బుక్ చేతికొచ్చాక అమ్మడానికి ఇంకేం అడ్డు ఉండదు. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చాక తహశీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ కూడా అయ్యారు, స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే ఒకే టేబుల్ మీద రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ అయిపోయేవి, తప్పు జరిగితే పైన అప్పీల్ చేసుకునే దారి దానితో పాటు తెచ్చిన చట్టంలో లేకుండా పోయింది, ఎంతమంది కలెక్టరేట్ల చుట్టూ తిరిగారో ఊళ్ళల్లో అందరికీ తెలుసు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలో ఆర్డీవోకి, కలెక్టర్‌కి అప్పీళ్ళు మళ్ళీ పెట్టారు. ఆంధ్రలో 1971 నాటి ఆర్ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం కింద ఆర్డీవోకి అప్పీల్, జాయింట్ కలెక్టర్‌కి రివిజన్ ముందు నుంచీ ఉన్నాయి. ఈ అప్పీళ్ళు వేయాలి, వేయకపోతే రికార్డులో పేరు అలాగే పాతుకుపోతుంది. కానీ మ్యుటేషన్ వల్ల హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది, అది శిస్తు ఎవరు కట్టాలో చెప్పే ఎంట్రీ మాత్రమే. పాస్‌బుక్‌లో పేరు లేదు కాబట్టి మనకి హక్కు లేదు అని భయపడి వెనక్కి తగ్గిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, అది నిజం కాదు.

వాటా ఎంతో ముందు తెలుసుకోవాలి, ఇక్కడే సగం గందరగోళం. తాతల ఆస్తి అంటే చాలు మనవడికి పుట్టుకతోనే హక్కు అని ఊళ్ళో అందరూ అంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక అది అంత సులువు కాదు. తాత సొంతంగా సంపాదించిన పొలం, ఆయన 1956 తర్వాత వీలునామా రాయకుండా పోతే, అది నాన్నకి సెక్షన్ 8 కింద సొంత ఆస్తిగా వస్తుంది, మనవళ్ళకి అందులో పుట్టుకతో హక్కు ఉండదు, నాన్న బతికుండగా అమ్ముకుంటే అడ్డుకోవడం కష్టం. అదే ముందు తరాల నుంచి ఉమ్మడిగా దిగుతూ వచ్చిన భూమి అయితే వేరే లెక్క. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, తల్లి ఉన్న ఇంట్లో 5 ఎకరాలు అనుకుంటే, నాన్న సొంత ఆస్తి అయితే ఐదుగురికీ తలా ఎకరం (నాయనమ్మ బతికుంటే ఆమెది కూడా ఒక వాటా, దాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు). ఉమ్మడి ఆస్తి అయితే ముందు నాన్న, నలుగురు పిల్లల మధ్య ఐదు భాగాలు చేసి, నాన్న భాగంలోని ఎకరాన్ని మళ్ళీ తల్లీపిల్లలు ఐదుగురికి పంచాలి, అంటే పిల్లలకి తలా 1 ఎకరం 20 సెంట్లు, తల్లికి 20 సెంట్లు. రెండు లెక్కల్లోనూ కూతురి వాటా సున్నా కాదు, కొడుకుతో సమానం.

ఆడపిల్లల హక్కు విషయంలో మన దగ్గర చట్టం దేశం కంటే ముందే నడిచింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చింది, కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి ఇవ్వలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ వచ్చాక పెళ్ళి లెక్క పోయింది, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది కూడా అక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలు గానీ, కోర్టు డిక్రీతో అయిన పంపకాలు గానీ ఉంటే వాటిని కదపరు. అందుకనే కోర్టుకి వచ్చిన అన్నదమ్ములు మొదట చెప్పే మాట మాకు ఎప్పుడో నోటి పంపకాలు అయిపోయాయి అని. దానికి తోడు పెళ్ళప్పుడు కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, వాటా వద్దని తెల్లకాయితం మీద రాసిచ్చింది అంటారు. కట్నం ఇస్తే వారసత్వ హక్కు పోదు. తెల్లకాయితం మీద హక్కు వదులుకోవడం కుదరదు, స్థిరాస్తిలో హక్కు విడుదల రిజిస్టర్ కావాల్సిందే. నోటి పంపకాలని కోర్టు తేలిగ్గా ఒప్పుకోదు, అప్పటి నుంచీ విడివిడిగా అనుభవిస్తున్నట్టు ప్రభుత్వ రికార్డులు చూపించాలి.

ఇక అసలు సంగతి. కోర్టులో ఏ దావా వేయాలి, ఎంత ఫీజు, ఎన్నేళ్ళలోపు అన్నది ఆ దస్తావేజు మీద సంతకం ఎవరిది అన్నదాన్ని బట్టే తేలుతుంది. ఈసీ చూసి ఊరుకోకుండా సర్టిఫైడ్ కాపీ తీయించాలి అనేది అందుకే. ఈసీలో ఒక లైనే ఉంటుంది, కాపీలో ఫొటోలు, వేలిముద్రలు, సాక్షుల పేర్లు, రాసినవాడి పేరు, అన్నిటికంటే ముఖ్యంగా అన్న ఏమని చెప్పుకుని అమ్మాడో ఆ మాటలు ఉంటాయి. నా స్వార్జితం అని రాశాడా, నేనొక్కడినే వారసుడిని అని రాశాడా, నాన్న వీలునామా రాశాడని రాశాడా, ఆ ఒక్క వాక్యం మీదే కేసు నడుస్తుంది. ఈసీ కూడా సర్వే నంబరుతో ఒకసారి, పేరుతో ఒకసారి, పాత ఇంటి నంబర్లు ఉంటే వాటితో ఒకసారి తీయాలి, సర్వే నంబరు రాయకుండా ఖాళీ స్థలానికి ఏదో డోర్ నంబరు వేసి రిజిస్టర్ చేస్తే సర్వే నంబరుతో వెతికినవాళ్ళకి అది కనపడదు, ఊళ్ళు పట్నాల్లో కలిసిపోతున్న చోట ఈ పని ఎక్కువ చేస్తున్నారు.

సంతకం మనది కాదు, మన పేరు కూడా లేదు, అన్న ఒక్కడే మొత్తం తనదేనని అమ్మేశాడు, ఇదే ఎక్కువగా జరిగేది. దీనికి సేల్ డీడ్ క్యాన్సిల్ చేయమని అడగక్కర్లేదు. 2010లో సుహ్రీద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏ, బి అనే ఇద్దరు అన్నదమ్ముల ఉదాహరణతోనే చెప్పింది, కాయితం రాసిన ఏ దాన్ని వద్దనుకుంటే రద్దు అడగాలి, రాయని బి మాత్రం అది నా మీద చెల్లదు అని డిక్లరేషన్ అడిగితే చాలు అని. పొలాల విషయంలో దీన్ని పార్టిషన్ సూట్‌లో (పంపకాల దావాలో) కలిపేస్తారు, మా వాటా విడదీసి ఇవ్వండి, ఫలానా నంబరు సేల్ డీడ్ మా వాటాకి వర్తించదని ప్రకటించండి అని. కొన్నవాడిని, ఆ తర్వాత కొన్నవాడిని అందరినీ ప్రతివాదులుగా పెట్టాలి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ ఉండాలి, ఉమ్మడి ఆస్తులన్నీ షెడ్యూల్‌లో చూపించాలి, అమ్మేసిన ముక్క ఒక్కదానికే వేస్తే పాక్షిక పంపకం అని అభ్యంతరం వస్తుంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని చెప్పగలిగితే కోర్టు ఫీజు నామమాత్రం, పూర్తిగా బయటికి నెట్టేశారని మనమే రాసుకుంటే మన వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి, ప్లెయింట్‌లో (దావా పత్రంలో) ఈ ఒక్క వాక్యం జాగ్రత్తగా రాయించుకోవాలి, అబద్ధం కాకుండా.

అలా వేస్తే కొన్నవాడి డబ్బు మొత్తం పోతుందా అంటే పోదు, అన్న వాటా వరకు ఆ అమ్మకం నిలబడుతుంది. 5 ఎకరాల్లో అన్నది ఎకరం అయితే కొన్నవాడికి వచ్చేది ఆ ఎకరమే, మిగతా నాలుగింటి డబ్బు కోసం అతను అన్న మీద పడాలి. కోర్టు వీలైతే కొన్నవాడు ఇల్లు కట్టుకున్న వైపో బోరు వేసుకున్న వైపో ఉన్న భాగాన్ని అన్న వాటా కింద సర్దుతుంది. నేను తెలియక కొన్నాను అన్న వాదన అతను చేస్తాడు, కానీ తండ్రి పేరు మీదున్న పట్టా చూసి కూడా ఆయనకి ఎంతమంది పిల్లలు అని అడగని మనిషిని కోర్టు జాగ్రత్తగా కొన్నవాడిగా చూడదు. అన్న కుటుంబ పెద్దగా అవసరం కోసం అమ్మాడు అని కూడా అంటారు. ఉమ్మడి ఆస్తి అయితే ఆ వాదనకి చోటుంది, అవసరం ఏమిటో నిరూపించాల్సిన బాధ్యత కొన్నవాడిది. సెక్షన్ 8 కింద వచ్చిన ఆస్తి అయితే అందరూ విడివిడి వాటాదారులే, ఒకరి వాటా అమ్మే అధికారం ఇంకొకరికి లేదు, పైగా తన వాటా బయటివాళ్ళకి అమ్మాలన్నా మిగతా వారసులు మేం కొంటాం అని అడిగే హక్కు సెక్షన్ 22 ఇచ్చింది, పొలాలకి కూడా అది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

సంతకం మన పేరుతో ఉంది కానీ మనం పెట్టలేదు, మన చోట ఇంకెవరినో కూర్చోబెట్టారు అంటే అది ఫోర్జరీ, ఆ కాయితం పుట్టుకతోనే చెల్లదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ జరుగుతుంది. ఆ రోజు ఇండియాలోనే లేమని పాస్‌పోర్టు మీద స్టాంపులు చూపిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం వేలిముద్ర. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రల పుస్తకం వేరేగా ఉంటుంది, దాన్ని కోర్టుకి తెప్పించి ఎక్స్‌పర్ట్‌కి పంపమని పిటిషన్ వేయాలి, సంతకాల పోలిక మీద వాదోపవాదాలు ఉంటాయి గానీ వేలిముద్ర తేలిపోతే ఇంక మాట్లాడేది ఉండదు. చెల్లని కాయితాన్ని రద్దు చేయించక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు అన్నది నిజమే, కానీ ఆ ధైర్యంతో ఊరికే కూర్చోవద్దు. డిక్లరేషన్‌కి గడువు మూడేళ్ళు, తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని అవతలి లాయరు గట్టిగా పట్టుకుంటాడు.

మూడోది అన్నిటికంటే బాధాకరం. సంతకం మనదే. పింఛను అని, లోను అని, విరాసత్ కోసం అని చెప్పి తల్లిని రిజిస్టర్ ఆఫీసుకి తీసుకెళ్తారు, ఆవిడ ఫొటోకి కూర్చుంటుంది, ఎడమ బొటనవేలు వేస్తుంది, కాయితం చదివి వినిపించేవాళ్ళు ఉండరు, ఇంటికొచ్చాక కొడుకు పెట్టిన అన్నం తిని పడుకుంటుంది, అది గిఫ్ట్ డీడ్ అనో జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాయితం) అనో తెలిసేది ఆ కొడుకు ఇంట్లోంచి వెళ్ళమన్న రోజు. ఇలాంటి కాయితం దానంతటదే చెల్లకుండా పోదు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 31 కింద రద్దు చేయమని దావా వేయాల్సిందే, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 59 ప్రకారం మోసం తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్ళలోపు. ప్లెయింట్‌లో ఊరికే మోసం చేశారు అని రాస్తే చాలదు, ఎవరు, ఏ రోజు, ఏం చెప్పి, ఎక్కడికి తీసుకెళ్ళి, ఏ కాయితం అని సంతకం పెట్టించారో వివరంగా రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడే చెప్తుంది, అది రాయక ఓడిపోయిన నిజమైన కేసులు ఉన్నాయి. చదువురాని పెద్దావిడ తనని నమ్మించిన మనిషికే రాసిచ్చినప్పుడు అంతా నిజాయితీగా జరిగిందని చూపించే భారం రాయించుకున్నవాడి మీదకి వెళ్తుంది, అది ఆ తల్లికి పెద్ద అండ. మైనర్‌గా ఉన్నప్పుడు వాటా అమ్మేస్తే మేజర్ అయిన మూడేళ్ళలోపు వేయాలి.

వీలునామా చూపించి అమ్మితే అది రిజిస్టర్ అయిందా లేదా అన్నది కాదు ప్రశ్న. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్టర్ అయినంత మాత్రాన రుజువైనట్టూ కాదు, సాక్షి సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. జీపీఏతో అమ్మితే ఇచ్చినమనిషి ఆ రోజుకి బతికున్నారా చూడాలి, మామూలు జీపీఏ మనిషితోనే పోతుంది, డెత్ సర్టిఫికెట్ తేదీ, సేల్ డీడ్ తేదీ పక్కపక్కన పెడితే చాలాసార్లు అక్కడే దొరికిపోతారు.

పోలీస్ కేసు పెడితే భయపడి దిగొస్తారు అనేది అందరి ఆశ. ఫోర్జరీ, మనిషి మారడం ఉంటే తప్పకుండా పెట్టాలి, 2024 జూలై 1 తర్వాత జరిగినవి భారతీయ న్యాయ సంహిత 318, 319, 336, 338, 340 సెక్షన్ల కిందకి, అంతకుముందువి పాత ఐపీసీ 419, 420, 467, 468, 471 కిందకి వస్తాయి, స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పంపి ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ అన్న తన సొంత పేరుతో, తన సంతకంతో, మొత్తం నాదే అని అబద్ధం చెప్పి అమ్మితే అది ఫోర్జరీ కిందకి రాదని 2009లో బీహార్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మోసపోయింది డబ్బు కట్టినవాడు కాబట్టి చీటింగ్ కేసు కూడా అతనే పెట్టాలంది. ఇది తెలియక రెండేళ్ళు స్టేషన్ చుట్టూ తిరిగి, చివరికి సివిల్ మ్యాటర్ అని క్లోజ్ చేశాక లాయర్ దగ్గరికి వచ్చేసరికి ఆ మూడేళ్ళలో మిగిలేది ఎంత.

దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద టెంపరరీ ఇంజంక్షన్ పిటిషన్ వేయాలి, మళ్ళీ అమ్మకుండా, ప్లాట్లు చేయకుండా. ఉత్త ఇంజంక్షన్ దావా ఒకటే చవగ్గా అయిపోతుందని కొందరు సలహా ఇస్తారు, టైటిల్ మీదే వివాదం ఉన్నప్పుడు అది నిలబడదని వరంగల్ నుంచి వెళ్ళిన అనంతుల సుధాకర్ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది, టైటిల్ డిక్లరేషన్ కూడా అడగాలి. ఆర్డర్ వచ్చిన రోజే కాపీని సబ్ రిజిస్ట్రార్‌కి, తహశీల్దార్‌కి ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకోవాలి. కేసు నడుస్తుండగా ఎవరు కొన్నా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం తీర్పుకి కట్టుబడాల్సిందే, అయినా కొత్తవాళ్ళు చేరేకొద్దీ కేసు సాగుతుంది. కాయితాల వైపు నాన్న పేరున్న పాత పాస్‌బుక్, అడంగల్, 1-బి కాపీలు, తెలంగాణలో అయితే 1954-55 కాస్రా పహాణీ, సేత్వార్ అనే పాత భూమి రికార్డుల నుంచి వరసగా తీయించి పెట్టుకోవాలి, ఆస్తి ఎక్కడి నుంచి దిగిందో అవే చెప్తాయి.

గెలిచాక కూడా రెండు పనులు ఉంటాయి, ఇక్కడ వదిలేసి నష్టపోయినవాళ్ళు ఉన్నారు. డీడ్ రద్దు చేస్తే ఆ డిక్రీ కాపీ రిజిస్టరింగ్ ఆఫీసర్‌కి కోర్టే పంపాలని సెక్షన్ 31లోనే ఉంది, వెళ్ళిందో లేదో కనుక్కుని తర్వాత ఈసీ తీసి చూసుకోవాలి. పార్టిషన్‌లో మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అందులో ఎవరికి ఎంత వాటా అన్నదే ఉంటుంది, ఏ వైపు భూమి ఎవరిది అని ఉండదు. ఫైనల్ డిక్రీకి మళ్ళీ పిటిషన్ వేస్తే కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ని పంపుతుంది, ఆయన సర్వేయర్‌తో వచ్చి దారి, నీళ్ళు, బోరు ఎటుందో చూసి ముక్కలు కొలిచి రిపోర్టు ఇస్తాడు, ఆ రోజు పొలం దగ్గర మనిషి ఉండాలి, లేకపోతే దారి లేని మూల మన పేరున పడుతుంది. ఆ తర్వాత ఫైనల్ డిక్రీని స్టాంపు పేపర్ మీద ఎక్కించి, దాని కాపీతో తహశీల్దార్ ఆఫీసులో మ్యుటేషన్‌కి పెట్టుకుంటే, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో రాయకుండా వదిలేసిన ఆ కూతురి పేరు 1-బిలోకి వస్తుంది.